ఆఫ్-రోడ్ బండిలో స్నో చైన్లు ఎక్కడ పెట్టాలి? తడిసిన చైన్లను ఎలా తేవాలి?

#1 — లోరేంజ్

బండి లాడర్ ఫ్రేమ్ 4×4. టైర్లు 285/75ఆర్16, అంటే దాదాపు 33 అంగుళాలు. డిక్కీలో ప్లైవుడ్ సొరుగులు రెండు, వాటి మీద ఫ్రిజ్. చైన్లు నిచ్చెన రకం, వి-బార్‌వి (అడ్డ గొలుసుల మీద వి ఆకారపు ఉక్కు ముక్కలు అతికినవి), నాలుగు చక్రాలకీ ఉన్నాయి. కాటా మీద పెడితే జత 28 కిలోలు తూగింది, మొత్తం 56.

నాకు కనిపిస్తున్న చోట్లు నాలుగు: రూఫ్ ర్యాక్ మీది పెట్టె, సొరుగు, స్పేర్ టైరుకి తగిలించే సంచి, వెనక సీటు కింద. ఏది మేలు? పెట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

#2 — గట్టిపట్టు

చోటు ఎంచుకునే ముందు రెండు సందర్భాలు ఊహించుకోండి. మొదటిది, చైన్లు బయటికి తీసే వేళ. చీకటి, ఏటవాలు, మోకాలి లోతు మంచు, బండి వెనక మంచు దిబ్బ. డిక్కీ తలుపు సగమే తెరుచుకుంటుంది. సామానంతా దించితే తప్ప చైన్లు అందవంటే ఆ చోటు తప్పే. రెండోది, పని అయ్యాక లోపల పెట్టే వేళ. అప్పుడవి బురద, ఉప్పు, మంచు పట్టి, నీళ్లు కారుతూ ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు పెట్టే చోటూ తడిగా ఉన్నప్పుడు పెట్టే చోటూ ఒకటే కానక్కర్లేదు. చాలామంది మొదటిదానికే చోటు చూసుకుని, రెండోదాన్ని తిరుగు ప్రయాణంలో తలుచుకుంటారు.

మీ నాలుగింటిలో సీటు కింద బాగుంటుంది. బరువు కిందుగా, రెండు ఇరుసుల మధ్య పడుతుంది. పక్క తలుపు తీస్తే చేతికందుతుంది, డిక్కీతో పని లేదు. పెట్టే ముందు అక్కడ జాకీ, ఆంప్లిఫయర్, కంట్రోల్ యూనిట్, హీటర్ గాలి గొట్టం లాంటివి ఉన్నాయేమో చూడండి. గాలి గొట్టానికి అడ్డం పెడితే వెనక కూర్చున్నవాళ్లకి వెచ్చదనం అందదు.

#3 — డిఫ్‌లాక్

రూఫ్ కొట్టేయండి. 56 కిలోలు తల మీద పెడితే పక్కవాలులో బండి ఒరిగే స్వభావం పెరుగుతుంది. చాలామంది ర్యాక్ తయారీదారులు ఆఫ్-రోడ్‌లో మామూలు రోడ్డు పరిమితిలో మూడింట రెండొంతుల బరువే అనుమతిస్తారు. అందులోంచి ర్యాక్ సొంత బరువు, టెంటు బరువు తీసేస్తే మిగిలేది ఎంత? ఇది చాలదన్నట్టు పెట్టె తాళం గడ్డకడుతుంది, మూత మీద మంచు పేరుకుంటుంది, మంచు పట్టిన బంపర్ ఎక్కి 14 కిలోల చైను కిందికి దించాలి.

స్పేర్ టైరు సంచి కూడా నాకు నచ్చదు. వెనక చక్రాలు లేపే ఉప్పు నీటి తుంపరంతా దాని మీదే. స్పేరు తలుపుకే బిగించి ఉంటే ఆ కీళ్లు అప్పటికే 30 కిలోల పైచిలుకు మోస్తున్నాయి. గతుకుల్లో ఇంకో 28 ఊగితే తలుపు వాలుతుంది, కీలు దగ్గర రేకు చిట్లుతుంది.

#4 — తూకంరాళ్లు

ఎక్కడ పెట్టినా కట్టడం తప్పనిసరి. 50 కి.మీ. వేగం అంటే సెకనుకు 13.9 మీటర్లు. ఢీకొన్నప్పుడు బండి ముందు భాగం 70 సెం.మీ. నలిగి ఆగిందనుకుంటే సగటు మందగమనం 14 జి (భూమ్యాకర్షణకి 14 రెట్లు) దగ్గర తేలుతుంది. 28 కిలోల మూట ఆ క్షణంలో దాదాపు 390 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. ఇది సగటు లెక్క, గరిష్ఠం ఇంకా ఎక్కువ. సీటు వెనక వదిలేసిన చైన్ల సంచి ఎటు వెళ్తుందో వేరే చెప్పక్కర్లేదు.

జతకు రెండు పట్టీలు, ఒక్కోటి కనీసం 400 కిలోల పని పరిమితి ఉన్నవి, నేలకి బిగించిన డి-రింగులకే (డి ఆకారపు ఉక్కు వలయాలు). సీటు కాలికో ప్లాస్టిక్ కొక్కేనికో కట్టొద్దు. రాట్చెట్ (పళ్ల చక్రంతో బిగించేది) బదులు క్యామ్ బకిల్ పట్టీ వాడండి. తడిసిన రాట్చెట్ పళ్లలో మంచు గడ్డకడితే ఊడదీయడం గ్లవ్స్ చేతులతో సాధ్యం కాదు. క్యామ్ బకిల్ ఒక నొక్కుకి వదులుతుంది. సాగే బంగీ తాడు సామాను చప్పుడు చేయకుండా ఆపుతుందేమో గానీ ప్రమాదంలో ఆపలేదు.

#5 — లోరేంజ్

సీటు కింద ఎత్తు 17 సెం.మీ. ఉంది. నాలుగూ పట్టవు. ఒక జత అక్కడ, ఇంకో జత సొరుగులో పెడితే?

#6 — గట్టిపట్టు

మొదట ఏ ఇరుసుకి వేస్తారో ఆ జత సీటు కింద. ఏ ఇరుసుకి అన్నది బండి మాన్యువల్‌లో చూడండి. అక్కడ రాసినదానికి ఎదురెళ్లొద్దు, ఎందుకంటే కొన్ని బండ్లలో ముందు చక్రం దగ్గర బ్రేక్ గొట్టానికీ చైనుకీ మధ్య ఖాళీ చాలదు.

సొరుగు సంగతికొస్తే, ముందు నుంచి ఢీకొంటే సొరుగు తాళం మీద భారం పడదు, సొరుగు పెట్టె మొత్తాన్ని నేలకి పట్టిన బోల్టుల మీద పడుతుంది. అవి నేల రేకుకి మాత్రమే కాకుండా అసలు సీటు బిగింపు రంధ్రాల్లోకో, కింద వెడల్పాటి ప్లేటుతోనో ఉండాలి. తాళం పరీక్ష ఎత్తు ఎక్కేటప్పుడు. 30 డిగ్రీల వాలులో 28 కిలోల్లో సగం, అంటే 14 కిలోలు ఎప్పుడూ వెనక్కి లాగుతూ ఉంటాయి, గతుకు పడ్డప్పుడు అంతకు రెండు మూడింతలు. నొక్కితే మూసుకునే చిన్న ఫర్నిచర్ తాళాలు దానికి నిలవవు.

తడి చైన్లు మాత్రం ప్లైవుడ్ సొరుగులోకి వద్దే వద్దు. అంచులు ఉబ్బుతాయి, పట్టాల బేరింగులు తుప్పు పడతాయి, ఆపైన సొరుగు ఆ చైన్లతో సహా ఇరుక్కుంటుంది.

#7 — ముడివిప్పు

ఎక్కడ పెట్టాలన్నది తేలింది కాబట్టి ఎలా మడవాలో రాస్తాను. మంచులో పోయే సమయంలో సగం చిక్కులు తీయడానికే పోతుంది, ఆ చిక్కులు పడేది సంచిలో పెట్టేటప్పుడు.

ఒక్కో చైనుకి ఒక్కో సంచి. 14 కిలోలు ఒంటి చేత్తో వస్తుంది. 28 కిలోల మూటని సీటు కింది నుంచి వంగి లాగితే నడుం పట్టేస్తుంది.

చైనుని చదునైన నేల మీద పూర్తిగా పరచండి. పక్క గొలుసులు రెండూ తిన్నగా, మధ్యలో అడ్డ గొలుసులన్నీ మెలిక లేకుండా ఉండాలి. ఏదైనా అడ్డ గొలుసు మెలిక తిరిగి ఉంటే చైను చివర దాని కిందుగా దూరిపోయి ఉంటుంది. చివర పట్టుకుని ఒకసారి వెనక్కి దాటిస్తే విడిపోతుంది, గుంజితే బిగుస్తుంది. అడ్డ గొలుసులని పక్క గొలుసుకి పట్టే కొక్కేల మొనలన్నీ ఒకే ముఖం వైపు ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. టైరు మీద ఆ మొనలు బయటికి చూడాలి. లోపలికి తిరిగితే టైరు పక్కగోడని గీస్తాయి. క్యామ్‌లన్నీ (పక్క గొలుసుని తిప్పి బిగించే బిళ్లలు) వదులు చేసి ఉంచండి.

తర్వాత పొడవునా మడిచి, రెండు పక్క గొలుసులని ఒకదాని పక్కన ఒకటి చేర్చండి. బిగింపు కొక్కెం ఉన్న చివర రెండు గొలుసుల ఆఖరి లింకుల్లోంచి ఒక కారబైనర్ (స్ప్రింగు మూత ఉన్న కొక్కెం) దూర్చండి. కారబైనర్ పట్టుకుని చైనుని ఎత్తి, రెండో చివరని ముందుగా సంచిలోకి దించుతూ పోండి. పొరలు పొరలుగా దానంతటదే సర్దుకుంటుంది. ఆఖర్న కారబైనర్ పైన మిగులుతుంది. తీసేటప్పుడు దాన్ని పట్టి లాగితే ఆఖర్న వెళ్లింది ముందు వస్తుంది, చిక్కు ఉండదు. సంచిని బోర్లించి కుమ్మరించారా, ఈ శ్రమంతా వృథా.

లోపలి పక్క గొలుసు కొక్కేనికి ఎర్ర జిప్ టై ఒకటి కట్టి ఉంచండి. టార్చి వెలుతురులో లోపలిది ఏదో బయటిది ఏదో వెతుక్కునే పని తప్పుతుంది. సంచి మీద టైరు సైజు, ముందు/వెనక, కుడి ఎడమ తేడా ఉన్న రకమైతే అది కూడా పెయింట్ పెన్నుతో రాయండి. కాగితం ట్యాగ్ ఒక్క తడుపుకే పోతుంది.

రబ్బరు బిగింపు వలయాలు ఉంటే విడిగా చిన్న సంచిలో, సాగదీయకుండా పెట్టండి. చైనుకి తగిలించి సాగి ఉన్న స్థితిలో నెలల తరబడి ఉంచితే పగుళ్లు వస్తాయి. నూనె తగిలినా, ఎండ తగిలినా అదే గతి.

#8 — నట్టుబోల్టు

సంచుల కన్నా 20 లీటర్ల బకెట్ మేలు అని నా వాదన. జత పడుతుంది, హ్యాండిల్ ఉంటుంది, మంచులో తిరగేసి కూర్చోవచ్చు, చైన్లు కడగడానికి అదే పనికొస్తుంది.

#9 — డిఫ్‌లాక్

బకెట్ గుండ్రం. సొరుగులో మూలలన్నీ వృథా, కట్టడానికి పట్టు దొరకదు, ఎత్తుగా ఉండి దొర్లుతుంది. వెనక భాగం పైకప్పు లేకుండా తెరిచి ఉండే పికప్ అయితే సరే. ఇంకొకటి, ప్లాస్టిక్ ఏదో చూసి కొనండి. మామూలు పాలీప్రొపిలీన్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే పెళుసవుతుంది, గతుకులో చైను తగిలి అడుగు పగులుతుంది. హెచ్‌డీపీఈ (ఎక్కువ సాంద్రత పాలిథిలీన్) అయితే చాలా కింది ఉష్ణోగ్రతల్లోనూ గట్టిగా ఉంటుంది. అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటే హెచ్‌డీపీఈ, 5 అంకె పాలీప్రొపిలీన్.

సంచి అయితే మందపాటి కాన్వాసు లేదా బరకం గుడ్డ, అడుగున ఇత్తడి వలయాలతో నాలుగు చిల్లులు. జిప్ వద్దు, మంచు పట్టి కదలదు. తాడు మూతి గానీ, మడిచి బకిల్ పెట్టేది గానీ తీసుకోండి. గోనె సంచి తడిని పట్టి ఉంచుతుంది, లోపల చైను ఎప్పటికీ ఆరదు.

#10 — తుప్పుశత్రువు

సీజన్ అయ్యాక ఏం చేయాలో ఎవరూ అడగలేదు. చైన్లు పాడయ్యేది రోడ్డు మీద కన్నా పెట్టెలోనే ఎక్కువ.

రోడ్డు మీద చల్లేవి మూడు: సోడియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే గానీ నీరు పీల్చి కరగదు. మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం, కాల్షియం క్లోరైడ్‌కి 30 శాతం చుట్టుపక్కల చాలు. అంటే మీకు ఆరిపోయినట్టు కనిపించే చైను మీద కూడా ఈ రెండూ ఉంటే ఉప్పు నీటి పొర నిలిచే ఉంటుంది. ఎండబెట్టడం కన్నా కడగడం ముఖ్యమనేది అందుకే. మంచినీళ్లు, వీలైతే గోరువెచ్చనివి. టబ్‌లో ముంచి పైకీ కిందికీ ఆడించి, నీళ్లు పారబోసి, మళ్లీ రెండుసార్లు. ప్రెషర్ వాషర్ బయటి మట్టిని కొడుతుంది గానీ లింకుల మధ్య దాగిన ఉప్పుని కరిగించేది నానబెట్టడమే.

తర్వాత కొయ్యకో గోడ కొక్కేనికో పొడవుగా వేలాడదీయండి. కుప్పగా ఆరబెడితే గాల్వనైజ్ చేసిన చైన్ల మీద తెల్ల పొడి పుడుతుంది. జింక్ పూతకి గాలి అందక తడి మధ్య ఉంటే వచ్చేది అది. పూత అలాగే తరుగుతుంది.

ఆరాక పలచని నూనె స్ప్రే, గుడ్డతో తుడిచి అదనంగా ఉన్నది తీసేయండి. గ్రీజు పూయొద్దు. ఇసుకని పట్టుకుని రుద్దుతుంది, వచ్చే సీజన్‌లో టైరుకి అంటుతుంది. డబ్ల్యూడీ-40 నీటిని తోసేయడానికి బాగుంటుంది, కానీ ఆ పొర ఒక్కటే నెలల తరబడి కాపాడుతుందని నమ్మొద్దు. దాని మీద మామూలు మెషిన్ ఆయిల్ పలచగా పట్టించండి.

సిలికా జెల్ పొట్లం వేసి తడి చైనుని మూసేసేవాళ్లున్నారు. అది తన బరువులో 20 నుంచి 30 శాతం నీరే పీల్చగలదు. 50 గ్రాముల పొట్లానికి 10–15 గ్రాములు. ఆరిన చైను పెట్టెలో మిగిలిన గాలి తేమకి సరిపోతుంది, తడి చైనుకి చాలదు. తుప్పు నిరోధక ఆవిరి కాగితం కూడా అంతే, శుభ్రంగా పొడిగా ఉన్న ఉక్కు మీదే పని చేస్తుంది.

#11 — నట్టుబోల్టు

ఇప్పటికే తుప్పు పట్టినవి రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే పోతుంది కదా?

#12 — తుప్పుశత్రువు

తుప్పు పోతుంది, దాంతోపాటు ఇంకొకటి జరిగే ప్రమాదం ఉంది. అడ్డ గొలుసుల పై పొరని గట్టిపరిచి చేస్తారు. అంత గట్టి ఉక్కు యాసిడ్‌లో ఉంటే పుట్టే హైడ్రోజన్ లోపలికి చొరబడి లోహాన్ని పెళుసు చేస్తుంది. బయటికి మెరుస్తూ ఉంటుంది, భారం పడ్డప్పుడు చెప్పాపెట్టకుండా తెగుతుంది. వెనిగర్ హైడ్రోక్లోరిక్ అంత తీవ్రం కాదు, అయినా గొలుసు విషయంలో నేను వాడను. పైగా అది జింక్ పూతని తినేస్తుంది. వైరు బ్రష్, నూనె, ఓపిక. గుంటలు పడేంత తుప్పయితే ఆ అడ్డ గొలుసుని మార్చేయండి, విడిగా దొరుకుతాయి. తెగిన లింకుని వెల్డింగ్ చేయొద్దు. ఆ వేడికి చుట్టుపక్కల గట్టిదనం పోతుంది.

పెట్టే ముందు కాలిపర్‌తో కొలవండి. అసలు 7 మి.మీ. ఉన్న లింకు రోడ్డు తగిలే చోట 4.5కి వచ్చిందంటే నేనైతే మారుస్తాను.

#13 — లోరేంజ్

తిరుగు ప్రయాణంలో తడిసినవి ఎక్కడ పెట్టమంటారు? సీటు కింద కార్పెట్ ఉంది.

#14 — గట్టిపట్టు

హెచ్‌డీపీఈ టబ్, 60×40×22 సెం.మీ. సైజు సులువుగా దొరుకుతుంది. జతకి ఒకటి. అడుగున రబ్బరు గడుల మ్యాటు వేస్తే చైన్లు నీటిలో మునగకుండా పైన ఉంటాయి. ఎంత విదిల్చి కొట్టినా జతకి అర లీటరు నుంచి లీటరు దాకా నీరు దిగుతుంది, కాబట్టి టబ్‌కి చిల్లులు పెట్టొద్దు, అది క్యాబిన్‌లో ఉన్నంత సేపు. పికప్ వెనక అయితే చిల్లులే కావాలి. మూత బిగించొద్దు. కానీ ఆవిరి లేచి అద్దాలు మసకబారతాయి, అప్పుడు ఏసీ వేసి గాలి బయటి నుంచి తీసుకోండి, లోపల తిప్పొద్దు.

కార్పెట్ మీద నేరుగా పెడితే ఉప్పు నీరు కింద ఫోమ్‌లోకి దిగి నేల రేకుని లోపలి నుంచి తింటుంది. అది బయటపడేసరికి రేకు చిల్లులు పడి ఉంటుంది.

పొడిగా వెళ్లేటప్పుడు టబ్‌లు ఒకదానిలో ఒకటి దూర్చి, గ్లవ్స్, మ్యాటు, పార అందులోనే వేసుకోండి, ఖాళీగా చోటు తినవు.

అల్యూమినియం పెట్టెలో తడి ఉక్కు గొలుసు పెట్టకూడదు. ఉప్పు నీరు రెంటి మధ్య ఉంటే అల్యూమినియం పొడి పొడిగా తినుకుపోతుంది. తప్పదనుకుంటే పూర్తిగా రబ్బరు లైనింగ్ వేయండి.

#15 — చప్పుడుకాదు

సంచి కింద, పక్కలా పాత రబ్బరు డోర్ మ్యాటు ముక్కలు పెట్టి పట్టీ బిగిస్తే చప్పుడు ఆగుతుంది. నురగ షీటు వద్దు, తడిని పీల్చుకుంటుంది. బిగించాక రెండు మూడు వందల కిలోమీటర్లకి చైన్లు సర్దుకుని పట్టీ వదులవుతుంది, మళ్లీ బిగించండి.

#16 — ముడివిప్పు

చైన్లతోపాటు పెట్టుకోవాల్సినవి, సంచి పైభాగంలోనే: లోపల ఊలు లైనింగ్ ఉన్న రబ్బరు గ్లవ్స్ రెండు జతలు (ఒకటి తడుస్తుంది), మోకాళ్ల కిందికి మందపాటి మ్యాటు, హెడ్‌ల్యాంప్, మెరిసే చొక్కా, క్యామ్ తాళంచెవి, రిపేర్ లింకులు నాలుగైదు, అవి మూయడానికి ప్లయర్, బైండింగ్ వైరు ఒక చుట్ట, జిప్ టైలు. క్యామ్ తాళంచెవి తాడుతో సంచికే కట్టి ఉండాలి. టూల్‌బాక్స్‌లో ఉందంటే లేనట్టే లెక్క.

జిప్ టైలు మిగిలిన గొలుసు తోకని కట్టడానికి. ఆ తోక చక్రంతో తిరిగి ఫెండర్ లోపల, బ్రేక్ గొట్టం మీద కొడుతుంది. పొడి నేల మీద ఒకసారి వేసి చూసుకుని, అనవసరమైన లింకులు ఎన్నో ఖాయంగా తెలిశాకే కట్టర్‌తో కోయండి.

#17 — కొత్తటైరు

ఇంత బరువెందుకు? కేబుల్ రకం గానీ, టైరుకి తొడిగే బట్ట కవర్లు గానీ పెట్టుకుంటే సీటు కింద నాలుగూ పడతాయి కదా.

#18 — తూకంరాళ్లు

చక్రం చుట్టూ ఖాళీ తక్కువున్న బండికి వేరే దారి లేదు. ఎస్ఏఈ (వాహన ఇంజినీర్ల ప్రమాణాల సంస్థ) ‘ఎస్’ తరగతి చైన్లకి ట్రెడ్ (టైరు నేలని తాకే ముఖం) పైన 37 మి.మీ., పక్కన 15 మి.మీ. ఖాళీ ఉంటే చాలు. ‘యు’కి 50, 23. ‘డబ్ల్యూ’కి 63.5, 38. వి-బార్ నిచ్చెన చైన్లు ఎక్కువ ఖాళీ కోరతాయి. మంచు రోడ్డు మీద బట్ట కవర్లు పని చేస్తాయి, రాళ్లు, మట్టి బయటపడ్డ ట్రాక్ మీద చిరిగిపోతాయి. కేబుల్ కూడా రాతి అంచు మీద తీగలు తెగుతుంది. ఆఫ్-రోడ్‌కి బరువు మోయక తప్పదు. కేబుల్ రకం తీసుకుంటే గుండ్రంగా చుట్టే పెట్టండి, గట్టిగా మడిస్తే లోపలి తీగ వంగి ఆ మడత పోదు. బట్ట కవర్లు పూర్తిగా ఆరబెట్టకపోతే బూజు పడతాయి.

వేసుకునే ఉద్దేశం లేకపోయినా మోయాల్సిన చోట్లు ఉన్నాయని మరవొద్దు. కాలిఫోర్నియాలో ‘ఆర్-2’ నియంత్రణ ఉన్నప్పుడు నాలుగు చక్రాలకీ మంచు టైర్లున్న 4×4కి చైన్లు వేయడం నుంచి మినహాయింపు ఉంది, కానీ బండిలో ఉండి తీరాలి.

#19 — లోరేంజ్

అయితే ఇలా: మొదట వేసే జత సీటు కింద రెండు చదును సంచుల్లో. రెండో జత సొరుగులో కింద, దాని మీద రికవరీ పట్టీలు (ఇరుక్కున్న బండిని లాగేవి), వాటిని తగిలించే షాకిళ్లు. టబ్‌లు రెండూ ఒకదానిలో ఒకటి, ఫ్రిజ్ పక్కన. క్యామ్ బకిల్ పట్టీలు, నేల డి-రింగులు.

#20 — డిఫ్‌లాక్

రెండు మార్పులు. రికవరీ పట్టీలు చైన్ల మీద పెట్టొద్దు. వి-బార్ అంచులు గతుకుల్లో నైలాన్ నేతని రంపంలా కోస్తాయి, నూనె కూడా అంటుతుంది. పట్టీలు రెండో సొరుగులోకి మార్చండి.

ఫ్రిజ్ పక్కన టబ్‌లు అన్నారు, ఫ్రిజ్ గాలి జాలీ ఏ వైపు ఉందో చూసుకోండి. దాన్ని మూస్తే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. కంప్రెసర్ వైపు కాకుండా రెండో వైపు పెట్టి, ఫ్రిజ్ పట్టీతో కలిపి కాకుండా విడి పట్టీతో కట్టండి. తడి చైన్లతో టబ్ 30 కిలోలు దాటుతుంది, అప్పుడు దాన్ని సొరుగుల మీంచి దించి డిక్కీ నేల మీదికి, సీటు వీపుకి ఆనించి పెట్టాలి. అక్కడ ఇంకో రెండు డి-రింగులు ఇప్పుడే వేయించండి.

#21 — లోరేంజ్

సీటు వీపు వెనక 35 సెం.మీ. ఖాళీ ఉంది, టబ్ 40 వెడల్పు.

#22 — గట్టిపట్టు

40×30×22 టబ్‌లు తీసుకోండి, చైనుకి ఒకటి చొప్పున. 30 వైపు బండి పొడవునా ఉండేలా తిప్పితే సరిపోతుంది. ఒక్కోటి తడితో 15 కిలోలే కాబట్టి దించడమూ తేలిక. రెండింటినీ కలిపి ఒకే పట్టీతో చుట్టకండి, ఒకటి తీసేటప్పుడు రెండోది వదులవుతుంది.